ఏ వీధిలో అన్నామో ఆ వీధిలోనే

మా అమ్మ పేరు రాములమ్మ. ఆ పేరొక్కటే పట్టుకుని వెతికితే మదనపల్లెలో ఎవరూ దారి చూపించలేరు, వీధికి ఇద్దరు రాములమ్మలుంటారు. మైకు రాములమ్మ అనాలి. అలా అంటే టమాటా మార్కెట్టు దగ్గర టీ కాసే ఆయన కూడా చేతిలో గ్లాసు కింద పెట్టి మరీ మా ఇల్లు చూపిస్తాడు. ఒకప్పుడు పెద్దతిప్పసముద్రం పక్కన చెనిక్కాయ చేలల్లో కూలికి పోయిన మనిషి. ఇప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళ జనానికీ ఆమె తెలుసు. మొహం తెలియనివాళ్ళకు గొంతు తెలుసు. నేను ఆమె కూతుర్ని. పేరు నందిని, చేసేది వకీలు పని, నోరు మాత్రం అమ్మదే. ఇందులో పొగడ్త ఎక్కువైందనిపిస్తే మీరే సర్దుకోండి, తగ్గించి రాసే ఉద్దేశం నాకు లేదు.

మైకు ఆమె చేతికి రావడం ఒక పోలియో చుక్కల ఆదివారం జరిగింది. పల్లెకు వచ్చిన మైకు మనిషికి పొద్దున్నుంచి అరిచి గొంతు పోయింది. ఆ రోజుల్లో అమ్మ ఈ గట్టు మీద నిలబడి కేకేస్తే నాలుగు చేల అవతల ఉన్న ఆడవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళట. "ఇట్లియ్యన్నా, ఊరికే దగ్గుతాండావు" అని ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది. మధ్యాహ్నానికి పల్లెలో చుక్కలు పడని పిల్లాడు లేడు. మరుసటి వారం ఆ మైకు సెట్టు ఆయనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి పనికి పిలుచుకుపోయాడు. కొన్నేళ్ళకు మా నాయన గంగులప్ప బ్యాంకు లోనుతో ఆటో కొని, దాని నెత్తిన రెండు మైకు గొట్టాలు కట్టాడు. అప్పట్నుంచి ఆయన నడుపుతాడు, ఆమె చెబుతుంది. నాయన రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. మా ఇంటికి వచ్చిన మాటలన్నీ ఒకరే వాడేసుకుంటే తనకేం మిగులుతాయని ఆయన వాదన.

నీళ్ళు ఎప్పుడు వదులుతారు, కరెంటు ఎంతసేపు తీస్తారు, ఎవరు చనిపోయారు, ఎవరి బర్రె తప్పిపోయింది, ఏ అంగట్లో ఏం వచ్చింది, ఇవన్నీ ఆమె నోటి గుండానే ఊళ్ళోకి పోతాయి. ఈ కాలంలో అందరూ రికార్డు చేసి, పెన్‌డ్రైవు గుచ్చి, ఆటో తిప్పేస్తున్నారు. అమ్మ ఒప్పుకోదు. ప్రతి మలుపు దగ్గరా ఆటో ఆపించి, ఇంజను కట్టేయించి, మూడుసార్లు తనే చెబుతుంది. "పరిగెత్తే బండి మీద చెప్తే సగం మాట ఈ ఇంటికీ సగం మాట ఆ ఇంటికీ పోతాది పాపా. సగం మాట అబద్ధం కన్నా చెడ్డది" అంటుంది.

ఇంకో కట్టడి కూడా పెట్టుకుంది. చెప్పమని వచ్చినవాళ్ళను రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఇది నిజమేనా? నీకెట్ల తెలుసు? ఆ రెంటికీ జవాబు సరిగా లేకపోతే ఎంత పెద్దవాడైనా మైకు దొరకదు. బి.కొత్తకోట నుంచి ఒకాయన వచ్చి, పెళ్ళాం అలిగి వెళ్ళిపోయింది, ఆమె గుణం మంచిది కాదని నాలుగు వీధుల్లో చెప్పాలన్నాడు. "బర్రె తప్పిపోతే మైకులో చెప్తానప్పా. పెళ్ళాం తప్పిపోతే పోయి కాళ్ళు పట్టుకో" అని పంపించేసింది. ఇలా ఏళ్ళ తరబడి జరిగేసరికి మా వైపు ఒక మాట పుట్టింది. ఎవరైనా నమ్మకపోతే, రాములమ్మ మైకులో చెప్పింది, ఇంకేం కావాల, అనేవాళ్ళు. ఆ మాట వింటే అమ్మ బయటికి విసుక్కునేది గానీ, లోపల ఎంత మురిసిపోయేదో నాకు తెలుసు.

ఆ రెండు ప్రశ్నలూ ఆమె ఒకే ఒక్కసారి అడగడం మరిచిపోయింది. నేను చెప్పబోయేది దాని గురించే.

పుంగనూరు రోడ్డులో హరినాథ్ అని ఒకాయనకు టమాటా నారు నర్సరీ ఉంది. అమ్మ సొంతంగా ఆటో ఎక్కిన కొత్తలో, ఆడమనిషి మైకేంటని అందరూ నవ్వుతుంటే, మొదట పని ఇచ్చిన షావుకారు ఆయనే. ఆ నర్సరీలో లక్ష్మయ్య అని పెద్దమండ్యం మనిషి పద్దెనిమిదేళ్ళుగా పని చేసేవాడు. కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో గింజ వేయడం దగ్గర్నుంచి నారు రైతు చేతిలో పెట్టేదాకా అతని పనే. మా వైపు రైతులకు ఒక పట్టింపు ఉంది. మొదటి ట్రే ఎవరి చేత్తో అందుకుంటే పంట ఆ చేతిని బట్టి ఉంటుందంటారు. లక్ష్మయ్య హస్తవాసి మంచిదని కుప్పం నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు. అతను భోజనానికి పోతే, తిరిగి వచ్చేదాకా చెట్టు కింద కూర్చునేవాళ్ళు తప్ప ఇంకొకరి చేత ట్రే తీసుకునేవాళ్ళు కాదు. ఆ మనిషికి ఉన్న ఆస్తి అదే.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం ఆ నర్సరీ నారు వేసిన రైతులకు పూత వచ్చింది, వచ్చింది వచ్చినట్టే రాలిపోయింది. కాయ పట్టలేదు. ఎండలకు తట్టుకునే రకం అని ఇచ్చింది చలికాలపు రకమని తేలింది. రైతులు వచ్చి పడ్డారు. పుంగనూరు దగ్గర రెండెకరాలు పోగొట్టుకున్న గోపాలస్వామి అనే రైతు ఏకంగా లక్ష్మయ్య చొక్కా పట్టుకున్నాడు. హరినాథ్ అడ్డం రాలేదు సరికదా, మంచి ట్రేలు బయట అమ్ముకుని వాటి చోట్లో వేరే ట్రేలు పెట్టింది లక్ష్మయ్యేనని తేల్చేశాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. నర్సరీ పేరు కాపాడుకోవాలని అమ్మను పిలిపించాడు.

అమ్మ నాలుగు రోజులు చెప్పింది. మొదటి రోజు కుప్పం, రెండో రోజు పుంగనూరు, మూడో రోజు మదనపల్లె, బి.కొత్తకోట, నాలుగో రోజు లక్ష్మయ్య సొంత ఊరు. "పెద్దమండ్యం లక్ష్మయ్య నారు మార్చి రైతులను మోసం చేసినాడు గాబట్టి నర్సరీలోనించి తీసేసినారు. అతనికీ నర్సరీకీ ఎట్లాంటి సంబంధం లేదు. రైతులు గమనించాల." ప్రతి మలుపు దగ్గరా, ఇంజను ఆపి, మూడుసార్లు. నిజమా అని అడగలేదు. నీకెట్ల తెలుసు అని అడగలేదు. హరినాథన్న చెబితే ఇంకేం అడుగుతాం అనుకుంది.

మూడు నెలలు గడిచాయి. కొత్త నారు వచ్చిందని చెప్పించడానికి హరినాథ్ మళ్ళీ కబురు పెడితే అమ్మ నర్సరీకి వెళ్ళింది. వెళ్ళేసరికి వెనక షేడ్ నెట్టు కింద లక్ష్మయ్య గొట్టం పట్టుకుని ట్రేలకు నీళ్ళు కొడుతున్నాడు. అంతలో ఒక రైతు వచ్చాడు. లక్ష్మయ్య అలవాటు చొప్పున ట్రే ఎత్తి ముందుకు వచ్చాడు. ఆ రైతు రెండడుగులు వెనక్కి వేసి, గల్లాపెట్టె దగ్గరున్న హరినాథ్ భార్య యమునతో, "అమ్మా, మీరే ఎత్తియ్యండి" అన్నాడు. లక్ష్మయ్య ట్రే కింద పెట్టి మళ్ళీ నీళ్ళ గొట్టం పట్టుకున్నాడు. 

అమ్మ హరినాథ్ దగ్గరికి వెళ్ళింది. "ఏమన్నా ఇది? తీసేసినామని నాతో చెప్పిస్తివి గదా?"

"అదేదో పొరపాటైపోయింది లేమ్మా" అన్నాడాయన. "షెడ్డు సర్దుతాంటే పాత కార్డులు దొరికినాయి. ట్రేలకు పెట్టే రకం పేర్ల కార్డులు నేనే రాసినా, నేనే అటూ ఇటూ పెట్టేసినా. సరి చేసేసినా గదా. వాన్ని పనిలో పెట్టుకున్న్యా, బట్టలు పెట్టినా, గంగమ్మ గుడికి తప్పు గూడా కట్టినా. ఇంకేమి?"

మా పల్లెల్లో తప్పు కట్టడం అంటే పెద్దల ముందు ఒప్పుకుని గుడికి ఇంత అని చెల్లించడం. అది కట్టేస్తే ఊళ్ళో ఇంకెవరూ నోరెత్తకూడదు.

"గుడికేం పోయిందన్నా?" అంది అమ్మ. "పోయింది లక్ష్మయ్యకు గదా. గుడికిస్తే ఈయప్పకెట్ల చేరతాది?"

హరినాథ్ నవ్వేశాడు. అమ్మకు నవ్వు రాలేదు. యమునను అడిగి ఆ కార్డులు తెప్పించుకుని, ఏది దేనిదో, ఏ తేదీ ఎక్కడుందో చదివించుకుని విన్నది. మూడు నెలల కింద అడగాల్సిన రెండు ప్రశ్నలూ అప్పుడు అడిగింది.

అక్కడ్నుంచి నేరుగా పెద్దమండ్యం పోయింది. లక్ష్మయ్య వాళ్ళమ్మ పూలమ్మకు ఎనభై ఏళ్ళుంటాయి. కోడలు ఏనాడో పోయింది, ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే. అమ్మ వెళ్ళేసరికి ఆ ముసలమ్మ పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని చిన్న దబరలో తనకొక్కదానికే వండుకుంటోంది. లోపల పొయ్యి మీద లక్ష్మయ్య పొద్దున వండిపెట్టి పోయిన సంగటి అలాగే ఉంది. మైకులో మాట విన్న రోజు నుంచి పూలమ్మ కొడుకు చేతి కూడు ముట్టలేదు. రైతుల నోరు కొట్టిన సొమ్ముతో వచ్చిన ముద్ద నాకొద్దు అని ఊరంతా వినేట్టు చెప్పింది. నిక్కచ్చి మనిషి, అబద్ధం కూడు తిని ఎరగదు.

అమ్మ ఆమె పక్కన కూర్చుని, అదంతా తప్పు అవ్వా, మీ కొడుకు ఏమీ చేయలేదు, నేనే తెలియక చెప్పినా, అని వివరంగా చెప్పింది. పూలమ్మ పొయ్యి ఊదుతూ అంతా విని తలెత్తింది.

"ఏమ్మే, మైకులో ఒకటి చెప్తావు, చెవిలో ఒకటి చెప్తాండావు. యాది నిజం?"

 ఇరవై ఐదేళ్ళలో మొదటిసారి అమ్మకు మాట అందలేదని నాయన ఆ తర్వాత నాతో అన్నాడు. ఆయన పది మాటల్లో ఐదు దానికే ఖర్చయ్యాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ విషయం బయటపెట్టింది. ఆ నాలుగు రోజులూ మళ్ళీ తిరుగుతుందట. అవే ఊళ్ళు, అవే మలుపులు, అదే వరస. నేను చెప్పింది తప్పు అని చెబుతుందట.

నేను ఎగిరిపడ్డాను. వకీలు కూతురు ఉండి ఏం లాభం, భయపెట్టకపోతే? "హరినాథ్ పరువు నష్టం కేసు వేస్తాడు. అంగళ్ళవాళ్ళు పని ఇవ్వడం మానేస్తారు. చెప్పిన మాట వెనక్కి తీసుకునే మైకు ఎవరికి కావాలమ్మా? నిన్ను చెప్పమన్నది ఆయన. నువ్వు కూలికి చెప్పావు. నీ మీద బాధ్యతేముంది?" అన్నాను.

అన్నం కలుపుతున్న అమ్మ చెయ్యి ఆపి నా వైపు చూసింది. "మే, నువ్వు బెంగుళూర్లో మూడేండ్లు కూసోని రాసినావు గదా లావు పుస్తకం. అది దేని మీద?"

అక్కడ నేను దొరికిపోయాను. నా పరిశోధన యూరపు దేశాల మఠాల్లో ఏడెనిమిది వందల ఏళ్ళ కింద న్యాయం గురించి తర్కించిన పండితుల మీద. వాళ్ళు న్యాయాన్ని రెండుగా విడగొట్టారు. ఉన్నదాన్ని అందరికీ తగినట్టు పంచేది ఒకటి. ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన హానిని సరిచేసేది రెండోది. పంచేచోట ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని చూడొచ్చు. సరిచేసేచోట అది చెల్లదు. షావుకారైనా కూలివాడైనా, ఎవరి దగ్గర్నుంచి ఏది పోయిందో అది, అంతే, వాళ్ళకే తిరిగి చేరాలి. శిక్ష పడినంత మాత్రాన, జరిమానా కట్టినంత మాత్రాన అది తీరదు. పోయింది మంచిపేరైతే మంచిపేరే ఇవ్వాలి. అబద్ధం చెప్పి పేరు తీసినవాడు, చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి, అందువల్ల తన పేరు పోయినా సరే. ఇంకా ముందుకు పోయి, హాని చేసినవాడొక్కడే బాధ్యుడు కాదన్నారు. చెయ్యమన్నవాడు, సలహా ఇచ్చినవాడు, సరేనన్నవాడు, మెచ్చుకున్నవాడు, చోటిచ్చినవాడు, చెయ్యి కలిపినవాడు, చూసీ నోరు మెదపనివాడు, ఆపగలిగీ ఆపనివాడు, తెలిసీ బయటపెట్టనివాడు. తొమ్మిది మంది. ముందు చెయ్యమన్నవాడు సరిచేయాలి. వాడు కదలకపోతే చేసినవాడు చేయాలి.

ఇదంతా కంచం ముందు కూర్చుని, తల వంచుకుని చెప్పాను. అమ్మ వేళ్ళు మడుస్తూ తొమ్మిది మందినీ లెక్కపెట్టుకుంది.

"ఆరో వాడు నేను" అంది. "చెయ్యి గలిపినోడు. ఇది చెప్పేదానికి మూడేండ్లు కావాల్నా పాపా? మన కూలోల్లలో ఎవర్నడిగినా చెప్తారు." తర్వాత కాస్త మెత్తబడి, "సరేలే, బాగనే రాసినారు ఆయప్పగార్లు. రాసినట్ట నడిచినారా?" అని అడిగింది. నడిచారో లేదో నాకు తెలియదు. నా ముందు కూర్చున్న మనిషి నడుస్తుందని మాత్రం తెలిసిపోయింది.

హరినాథ్ పేరు ఎత్తనని అమ్మ ముందే నిర్ణయించుకుంది. చట్టానికి భయపడి అని నేను అనుకున్నాను, ఆమె కారణం వేరు. "ఆయన మాట ఆయన చెప్పుకోవాల. నా నోట్లోనించి పోయిన మాటే నేను ఎనక్కి తెచ్చుకుంటా. లక్ష్మయ్య పేరు కడిగేదానికి ఇంకొకరి పేరుకు బురద పుయ్యకూడదు." ఈ సంగతి కూడా ఆ పండితులు ఎక్కడో ఒక మూల రాశారు. అది నేను మళ్ళీ చెప్పలేదు, చెప్పి ఇంకోసారి మాట పడటం ఎందుకని.

కోర్టుకు నాలుగు రోజులు సెలవు పెట్టి నేనూ ఆటో ఎక్కాను. కుప్పంలో మొదటి మలుపు దగ్గర నాయన ఇంజను ఆపాడు. అమ్మ దిగి నిలబడింది. ఎప్పుడూ ఆటోలో కూర్చునే చెప్పే మనిషి, ఆ నాలుగు రోజులూ దిగి నిలబడే చెప్పింది.

"అన్నలారా, అమ్మలారా, నేను మైకు రాములమ్మను. మూడు నెల్ల కింద పెద్దమండ్యం లక్ష్మయ్య నారు మార్చినాడని ఇదే చోట ఈ నోటితోనే చెప్పినా. అది నిజం కాదు. నేను విచారించకుండా చెప్పినా. తప్పు నాది. లక్ష్మయ్య చెయ్యి శుద్ధమైన చెయ్యి. విన్నోల్లు విననోల్లకు చెప్పండి."

మూడుసార్లు. రెండో మలుపు, మూడో మలుపు. కొందరు నవ్వారు. సైకిల్ మీద పోతున్న ఒకాయన, "రేపు ఇది గూడా తప్పంటావా అక్కా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అమ్మ అతనికి దండం పెట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. గొంతు ఎక్కడా తగ్గించలేదు. నిజం చెప్పాలంటే, ఎవరు చనిపోయారని చెప్పినప్పుడు కూడా నేను ఆ గొంతులో అంత బరువు వినలేదు. ఆ క్షణం ఆమె కూతురినని నలుగురికీ వినబడేట్టు చెప్పుకోవాలనిపించింది.

మరునాడు పొద్దున మేం బయల్దేరకముందే హరినాథ్ మా ఇంటికి వచ్చాడు. "ఏం రాములమ్మా, నేను అన్నం పెడితే నా మీదనే మైకు పెడతాండావా?"

"నీ పేరు యాడన్నా చెప్తినా అన్నా?"

"చెప్పకపోతే జనానికి తెలీదా? నా యాపారం ఏం గావాల?"

"అన్నా, నువ్వూ మాతో రా" అంది అమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "కార్డులు మారిపోయేది దొంగతనం గాదు. పొరపాటని నువ్వే చెప్పు. జనం అర్థం జేసుకుంటారు. మొట్టమొదట నాకు పని ఇచ్చినోడివి నువ్వు. నీకు మంచి జరగల్లనే చెప్తాండా."

ఆయన ఆమె వైపు చూడకుండా నా వైపు తిరిగాడు. "వకీలమ్మా, మీరన్నా చెప్పండి. నేను నోటీసిస్తే మీ అమ్మ కోర్టు చుట్టూ తిరగాల."

ఆదివారం ఇదే మాట నేనే అన్నాను. "ఇవ్వండి సార్" అన్నాను ఇప్పుడు. "ఏమని ఇస్తారు? తన తప్పు తాను ఒప్పుకుందనా? ఆ కేసు నేనే వాదిస్తాను, ఫీజు కూడా తీసుకోను." ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. నాయన ఆటో తుడుస్తూ, "బాగ చెప్తివి" అన్నాడు. అది ఆ రోజుకు ఆయన మొదటి మాట.

పుంగనూరులో గోపాలస్వామి ఎదురొచ్చాడు. లక్ష్మయ్య చొక్కా పట్టుకున్న ఆ రైతే. "లక్ష్మయ్య గాకపోతే మరి ఎవురు మార్చినారు?" అని అడ్డం నిలబడ్డాడు.

"లక్ష్మయ్య గాదని మాత్రం నాకు తెలుసప్పా. మిగతాది ఎవర్నడగాల్నో నీకు తెలుసు."

అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "నేను ఆయప్ప మింద చెయ్యి ఏసినా గదమ్మా" అన్నాడు. అమ్మ అతని లెక్క అతనికి వదిలేసింది.

హరినాథ్ సంగతి ఇక్కడే తేల్చేస్తాను, ఆయన కోసం కథ చివర్లో చోటు ఉంచే ఓపిక నాకు లేదు. నోటీసు ఇవ్వలేదు. గోపాలస్వామి ఇంకో పది మంది రైతుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి అడిగితే, నాలుగు నెలలకు కార్డుల పొరపాటు ఒప్పుకుని, నష్టపోయినవాళ్ళందరికీ మరుసటి పంట కారుకు నారు ఊరికే ఇచ్చాడు. నర్సరీ ఏమీ మూతపడలేదు, జనం నిజంగానే అర్థం చేసుకున్నారు. పుంగనూరులో మూడు అంగళ్ళవాళ్ళు మాత్రం అమ్మను పిలవడం మానేసి రికార్డు ఆటో పెట్టుకున్నారు. ఆ మూడు అంగళ్ళ పని ఈనాటికీ తిరిగి రాలేదు. అమ్మకు దాని మీద బాధ లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉంది. కానీ ఇంకోసారి అడిగితే ఇదే చేస్తానంటుంది.

నాలుగో రోజు పెద్దమండ్యం చేరాం. మధ్యాహ్నం మూడు దాటింది. పాల కేంద్రం ముందున్న మలుపులో, మూడు నెలల కింద ఆపిన చోటే నాయన ఆటో ఆపాడు. అక్కడికి పూలమ్మ ఇల్లు నాలుగిళ్ళ అవతల. ఆమె తిన్నె మీద ఉలవలు చెరుగుతోంది. లక్ష్మయ్య ఆ వారమంతా పనికి పోలేదు, తలుపు లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మేం వస్తున్నట్టు అతనికి ఎవరూ చెప్పలేదు.

అమ్మ మొదటిసారి చెప్పింది. వాకిళ్ళలోకి జనం వచ్చారు. రెండోసారి చెప్పింది. పూలమ్మ చాట పక్కన పెట్టింది. మూడోసారి చెప్పేటప్పటికి ఆమె కర్ర పొడుచుకుంటూ వచ్చి అమ్మ ఎదురుగా నిలబడింది.

"ఏమ్మే, అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పింది నిజమా?"

"ఇప్పుడు చెప్పిందే నిజమవ్వా. అప్పుడు అడక్కుండా చెప్పినా. ఇప్పుడు అడిగి, సూసి చెప్తాండా."

"నీ మాట ఇని నా బిడ్డ చేతి కూడు ఇడిస్తి గదే."

"అవునవ్వా. నా వల్లనే."

ముసలమ్మ తిడుతుందని నేను ముందుకు కదిలాను. నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పూలమ్మ అమ్మను కింది నుంచి పైదాకా చూసి, చెయ్యి చాపింది.

"అది ఇట్లియ్యి."

అమ్మకు అర్థం కాలేదు. పూలమ్మే ఆమె చేతిలోంచి మైకు తీసుకుంది. దాన్ని ఎంత దూరంలో పట్టుకోవాలో తెలియక పెదాలకు ఆనించుకుంది. గొట్టాలు ఒక్కసారి కీచుమన్నాయి. జనం చెవులు మూసుకున్నారు. ఆమె కదలలేదు.

"నేను పూలమ్మను. లక్ష్మయ్యను కన్నదాన్ని. రాములమ్మ చెప్పింది సరే, ఆమె పరాయిది. నేను తల్లినై ఉండీ నమ్మినా. మూడు నెల్లు వాని చేతి కూడు తినలేదు, ఊరంతా సూసినారు. వాడేం తప్పు జెయ్యలేదు. తప్పు నాది గూడా. ఊరి ముందర అన్న్యా గాబట్టి ఊరి ముందరే చెప్తాండా."

నాకు ఏడుపు ఆగలేదు. మూడేళ్ళు గ్రంథాలయాల్లో కూర్చుని నేను రాసిన తొమ్మిది మందిలో మూడోవాడున్నాడు, సరేనన్నవాడు. తనూ ఆ వరసలో ఉన్నానని ఆ ముసలమ్మకు ఎవరూ చెప్పలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. లక్ష్మయ్య గడప దాటి వచ్చి, "మా, సాల్లేమా, ఇంక రా" అంటూ తల్లి భుజం పట్టుకున్నాడు. అతని మొహమంతా తడిగా ఉంది.

పూలమ్మ మైకు కిందికి దించింది కానీ, దాన్ని ఆపాలని ఆమెకు తెలియదు. మేం ఎవరమూ ఆపలేదు. ఆమె కొడుకుతో మామూలుగా, ఇంట్లో అన్నట్టే అంది.

"పోరా లోపలికి. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. నీ చేత్తోనే సంగటి కెలికి పెట్టు."

ఆ మాట కూడా రెండు గొట్టాల్లోంచీ ఊరంతా వినబడింది.